అందించిన మాట

వినికిడి పరీక్షల గది,
మధ్యాహ్నం, భోజనాల వేళ.

గుసగుస పిన్నీ,

గొంతు ఎలా ఉంది? ఇంకో మూడు నెలలు నోరు మెదపకూడదన్నాడట కదా డాక్టరు. మొన్న ఫోన్లో నేనొక్కదాన్నే వాగుతుంటే, అవతల నువ్వు గిన్నె మీద చెంచాతో కొట్టి జవాబు చెప్పావు. ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. నవ్వాలో ఏడవాలో తెలియక పెట్టేశాను. అందుకే ఇవాళ కాగితం తీశాను. ఇరవై రెండేళ్లు షూటింగుల్లో మా అమ్మకు పలకాల్సిన మాటలు అందించి అందించి గొంతు అరగదీసుకున్నావు. ఇప్పుడు నాకు కొన్ని అందించాలి, కలంతో.

విషయం ఇది. వచ్చే నెలకు అమ్మ పోయి ఏడాది. ఛానల్ వాళ్లు మీ ఊళ్లో పెద్ద హాలు తీసుకుని సంస్మరణ సభ పెడుతున్నారు. కూతురిగా నేను పది నిమిషాలు మాట్లాడాలట. "మీకు తెలిసిన ప్రెస్సమ్మ గురించి చెప్పండి మేడం, చాలు" అన్నాడు ఫోన్ చేసిన పెద్దాయన. రోజూ సాయంత్రం ఏడున్నరకు సీరియల్లో, అచ్చు ప్రెస్సు నడిపి పిల్లల్ని పెంచిన ఆ తల్లి వేషంలో మా అమ్మ టీవీలోకి వస్తే జనం చేతిలో పని ఆపి కూర్చునేవారు. వాళ్లకు తెలిసినంత కూడా ఆమె నాకు తెలియదు. నా చిన్నప్పుడు ఆమె షూటింగుల్లో ఉంది. నేను పెద్దయ్యాక అలిగి కూర్చున్నాను.

ఆ అలక సంగతి సభలో చెప్పాలా వద్దా అని రెండు రోజులుగా కొట్టుకుంటున్నాను. నీకు తెలిసిందే అయినా ఒకసారి ఇక్కడ రాసి చూసుకుంటాను, విసుక్కోకు. ఏడో నెలలో కడుపులోనే నా బిడ్డ పోయిన రోజు, ఆసుపత్రి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని అమ్మతో ఒక్క మాటే అన్నాను. "దానికి నా గొంతు ఒక్కటే తెలుసమ్మా. ఇంకెవరి గొంతూ తెలియకుండానే పోయింది." నాలుగు నెలలు తిరక్కుండా మా క్లినిక్‌లో, వరసలో కూర్చున్న పేషెంట్ల మధ్య, గోడ మీది టీవీలో ప్రెస్సమ్మ కూతురి వేషం వేసే అమ్మాయి అదే మాట పొల్లుపోకుండా అంది. పేషెంట్లు కళ్లు తుడుచుకున్నారు. నేను పరికరాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. ఆ సాయంత్రమే ఫోన్ చేసి "నా మాట బయట చెప్పావా?" అని అడిగాను. "చెప్పాను" అంది అమ్మ. ఇంకేమీ అనలేదు. ఆ తర్వాత ఆరేళ్లు నేనూ ఏమీ అనలేదు.

చివరికి ఆమే దిగి వచ్చింది. పోవడానికి తొమ్మిది వారాల ముందు ఆ వీడియో పంపింది. "నీ మాటను పదిమందిలో పరిచాను తల్లీ. నోరు జారి కాదు, తెలిసే చేశాను. నీ దుఃఖం నీది, దాని మీద నాకే హక్కూ లేదు. నన్ను క్షమించమని అడిగే ముఖం కూడా లేదు తల్లీ. ఒక్కసారి వచ్చి కనబడు తల్లీ." మొత్తం నాలుగు నిమిషాలు. ఈ ఏడాదంతా నేను ఆ నాలుగు నిమిషాల మీదే బతికాను పిన్నీ. పొద్దున పళ్లు తోముకుంటూ కూడా వింటాను.

దాన్నే సభలో తెర మీద వేయమని ఛానల్ వాళ్లకు ఇద్దామనుకుంటున్నాను. అందరూ ఆమె నటన చూశారు. ఒక్కసారి నిజం కూడా చూడనీ. నువ్వు మాత్రం పనిలో ఆమె ఎలా ఉండేదో నాకు వివరంగా రాసి పంపు. నేను ఒక్కసారైనా ఆ సెట్టు గడప తొక్కలేదు.

నీ పేచీ

*

అక్క ఇల్లు, వెనక గది.

పేచీ తల్లికి,

నా చేతిరాత చూసి బెదిరిపోకు. సెట్లో దీన్ని చీమల బారు అనేవాళ్లు. అక్క ఒక్కతే తడుముకోకుండా చదివేది.

పనిలో ఎలా ఉండేదని అడిగావు. ప్రెస్సమ్మ వేషం ఒప్పుకున్నాక ఒక నెలపాటు నిజం ప్రెస్సుకు పోయి కూర్చుంది. అక్కడి ముసలి కంపోజిటరు దగ్గర అక్షరాలు పేర్చడం నేర్చుకుంది. సెట్లో ఉన్నది చెక్క మిషను, తిప్పినా తిరగదు. అయినా ఆమె చేతులు దాని మీద పడితే మాకు సిరా వాసన వచ్చేది. గోళ్ల సందుల్లో నిజం సిరా పూసుకుని వచ్చేది, మేకప్ ఆవిడ ప్రతిరోజూ లబోదిబోమనేది. కోడలి చెంప పగలగొట్టే సీను ఒకటి వచ్చింది. పేజీ చదివి, నాలుగు మడతలు పెట్టి, కుంటుతున్న కుర్చీ కాలు కింద దోపి "ప్రెస్సమ్మ కొట్టదండీ" అని కూర్చుంది. డైరెక్టరు గంటసేపు గింజుకున్నాడు. చివరికి రచయిత అదే కుర్చీలో కూర్చుని సీను మార్చి రాశాడు, కుర్చీ మాత్రం కుంటలేదు. ఆమె తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆ గుణం ఎవరికి వచ్చిందో నేను చెప్పక్కర్లేదు.

అందరూ మెచ్చుకునే ఆ మౌనం సంగతి చెబుతాను, నవ్వుకో. మా దగ్గర పేజీలు పొద్దున్నే వచ్చేవి, ఒక్కోసారి సిరా కూడా ఆరకుండా. బట్టీ పట్టే వ్యవధి ఎవరికీ ఉండదు. నేను కెమెరా పక్కన నిలబడి వాక్యం చదువుతాను, ఉప్పూ కారం లేకుండా చప్పగా. ఆర్టిస్టు విని పలకాలి. శబ్దం తర్వాత వేరే వేసేవారు గనక నా గొంతు ఎవరికీ వినబడదు. మిగతావాళ్లు చిలకల్లా వెంటనే అనేసేవారు. మీ అమ్మ ఒక్క క్షణం ఆగేది. తల కాస్త పక్కకు వాల్చి, మాటను లోపలికి పోనిచ్చి, అప్పుడు పలికేది. ఒక పత్రిక పెద్దమనిషి "ప్రెస్సమ్మ మౌనం" అని దాని మీద రెండు పేజీలు రాశాడు. మేకప్ గదిలో అది చదివి ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. మౌనమా పాడా, నా మాట కోసం చెవి ఒగ్గడం!

తర్వాత్తర్వాత శబ్దం అక్కడికక్కడే పట్టడం మొదలయ్యింది. నన్ను పక్క గదిలోకి తోసి చేతికో మైకు ఇచ్చారు. ఆమె ఎడమ చెవిలో చిన్న యంత్రం, బఠాణీ గింజంత. దాన్ని బఠాణీ అనే పిలిచేవాళ్లం. నేను ఇక్కడ గుసగుసగా అంటే అక్కడ ఆమె చెవిలో పడేది. నా గొంతు పోయింది అరుపులతో కాదు తల్లీ, గుసగుసలతో.

ఇవన్నీ నువ్వు సభలో చెప్పుకో. ఆ వీడియో మాత్రం ఇవ్వకు. అది నీ ఒక్కదానికోసం చేసింది. ఇంటి గుట్టు హాల్లో పరిస్తే అక్క ఒప్పుకునేది కాదు. ఈ ఒక్క మాట విను తల్లీ, ఇంకేమీ అడగను.

నీ పిన్ని

*

వినికిడి పరీక్షల గది,
సాయంత్రం, అందరూ వెళ్లిపోయాక.

పిన్నీ,

నీ ఉత్తరం చదివి నవ్వాను. కుర్చీ కాలు సంగతి మా వాళ్లందరికీ చెప్పాను. ఆ మౌనం ఎలా ఉంటుందో చూద్దామని మధ్యాహ్నం పాత ఎపిసోడ్ ఒకటి పెట్టాను. పక్కన పేషెంటు ఉన్నాడని శబ్దం తీసేశాను. అలా తీయకుండా ఉండాల్సింది.

నా పని ఏమిటో నీకు తెలుసు. అద్దాల గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నటి శబ్దాలు పంపిస్తాను. వినబడితే మీట నొక్కాలి. ఏళ్ల తరబడి నేను చూసింది మీటను కాదు, ముఖాన్ని. శబ్దం అందే ముందు ఊపిరి ఆగుతుంది. చూపు ఎదురుగా ఉన్నదాని మీద ఉండదు. గడ్డం బాగా వినబడే చెవివైపు వెంట్రుకవాసి జరుగుతుంది. ఆ ముఖం నేను రోజుకు ఇరవైసార్లు చూస్తాను, దాన్ని ఇంకో ముఖం అనుకోవడం నావల్ల కాదు. ప్రెస్సమ్మది ఆ ముఖమే. నీ మాట నిజం, హాయిగా నవ్వుకున్నాను.

తర్వాత, ఎందుకో, అమ్మ నాకు పంపిన వీడియో కూడా శబ్దం తీసేసి చూశాను.

పదకొండుసార్లు, పిన్నీ. నాలుగు నిమిషాల్లో పదకొండుసార్లు ఆ ముఖం ఉంది. ఆమె జుట్టు ఎప్పుడూ ఎడమ చెవి వెనక్కి దోపుకునేది, నేను పుట్టకముందు ఫోటోల్లో కూడా అలాగే ఉంది. ఈ వీడియోలో జుట్టు చెవి మీదికి దువ్వి ఉంది. ఏడాదిగా చూస్తున్నాను, గమనించనే లేదు. ఏడుస్తూ చూస్తే ఏం కనబడుతుంది!

ఆ రోజు పక్క గదిలో ఎవరున్నారు?

పేచీ

*

అక్క ఇల్లు, వెనక గది.

తల్లీ,

నేనే ఉన్నాను. దొంగకు తేలు కుట్టినట్టు ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. ఇప్పుడు నోరు నిజంగానే మూతపడింది గనక చేత్తో చెబుతున్నాను.

అక్కకు రెండేళ్లుగా జ్ఞాపకం జారిపోతూ వచ్చింది. మొదట్లో పేర్లు పోయాయి. ఒకరోజు మేకప్ కుర్చీలో కూర్చుని "ఈ ఇల్లు ఎవరిదే, బాగుంది" అంది. ఇంకోరోజు పేజీ తలకిందులుగా పట్టుకుని చదివినట్టు తల ఊపింది. నేను మెల్లగా తిప్పి పెట్టాను. ఎవరూ చూడలేదు. డాక్టరు దగ్గరికి ఇద్దరమే వెళ్లాం. ఆయన ఏదో పెద్ద పేరు చెప్పి, ఇది వెనక్కి తిరిగేది కాదన్నాడు. బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుని "ఎవరికీ చెప్పకే. దానికసలు చెప్పకు. జాలితో వచ్చేట్టయితే నాకొద్దు" అంది. తన చేతిలో చెయ్యి వేయించి నాతో ఒట్టు పెట్టించుకుంది.

నమ్మవుగానీ, బఠాణీ చెవిలో ఉంటే ఆమెకు ఏ లోటూ ఉండేది కాదు. మాట ఒక్కటే పోయింది, నటన పోలేదు. నేను చప్పగా "వెళ్లిపో" అంటే, ఆ "వెళ్లిపో"లో పదేళ్ల కోపమూ ప్రేమా కలిపి పలికేది. అవి ఎక్కడినుంచి వచ్చేవో నాకు తెలియదు. లైటు ఆర్పగానే నా వైపు చూసి "ఇప్పుడేం చెయ్యాలి?" అనేది. ఆమె దేవుడిచ్చిన పనిని అంత చివరిదాకా చేసిందంటే, నేను దాచిపెట్టాను గనకే. చాలామందికి అబద్ధం చెప్పాను. డైరెక్టరుకు చెప్పాను, ఛానల్‌కు చెప్పాను, నీకు చెప్పాను.

వీడియో కూడా అలాగే చేశాం. ఆమె నీతో చెప్పాలనుకున్నవే, బాగున్న రోజుల్లో నాతో అన్నవే, నేను గుర్తుచేశాను. మాటలు ఆమెవే తల్లీ. నేను అందించానంతే. అది నమ్ము.

నీ పిన్ని

*

వినికిడి పరీక్షల గది.

ప్రాంప్టర్ గారికి,

మీ ఉత్తరం అందింది.

మా అమ్మ నన్ను పేచీ అంది, మొండిఘటం అంది, కోపం వస్తే మీ నాన్న కూతురా అంది. నా ముప్ఫై ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా తల్లీ అనలేదు. ఆ వీడియోలో మూడుసార్లు తల్లీ అంది. మీ రెండు ఉత్తరాలూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. నన్ను తల్లీ అని పిలిచే మనిషి ఈ లోకంలో ఒక్కరే ఉన్నారు.

మాటలు ఆమెవేనని రాశారు. రాయగలిగారు.

ఆ వీడియో చూసి నేనేమనుకున్నానో మీకు చెప్పాలి. అమ్మ బాగుందనుకున్నాను. ఎంత తేటగా మాట్లాడుతోంది, ముఖంలో ఎంత కళ, ఇంకో పాతికేళ్లు ఢోకా లేదనుకున్నాను. బళ్లలో పిల్లలకు వినికిడి పరీక్షల శిబిరాలు నడుస్తున్నాయప్పుడు. "చూశానమ్మా. శిబిరాలు అవ్వగానే వస్తాను" అని రాసి పంపాను. పది వారాల పని, తొమ్మిదో వారంలో ఆమె పోయింది. ఆమె ఒక్క మాట తడబడి ఉంటే, ఒక్కసారి నా పేరు మరిచిపోయి ఉంటే, ఆ రోజే బయల్దేరేదాన్ని. మీరు తడబడనివ్వలేదు. అంత బాగా చేశారు మీ పని.

నేను వచ్చేసరికి ఆమె ముఖం మీద గుడ్డ కప్పి ఉంది. నాకు మిగిలింది మీ గొంతు ఒక్కటే.

నేను పంపిన ఆ జవాబు చదివి ఆమె ఏమంది? ఆ మాటలు ఎవరివి? వీటికి నిజం రాయగలిగితేనే రాయండి. లేకపోతే సభలో మైకు ముందు ఇదంతా చదివేస్తాను. మీ చీమల బారుతో సహా.

ఇట్లు,
ఆమె కూతురు

*

వెనక గది.

అమ్మాయికి,

ఆ పిలుపు ఇక వాడను.

నీ జవాబు నేనే చదివి వినిపించాను. "ఎవరు రాశారు?" అంది. "మీ అమ్మాయి" అన్నాను. "మంచిది, రమ్మను" అని మళ్లీ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అప్పుడైనా నీకు ఫోన్ చేసి నిజం చెప్పాల్సింది. వేసిన ఒట్టును అడ్డం పెట్టుకుని ఊరుకున్నాను. నిజానికి ఒట్టు కోసం కాదు, నీ ముందు బయటపడతానని. తర్వాత ఆమెకు జ్వరం వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆమె పోయిన రోజు పొద్దున చేశాను నీకు ఫోను.

ఇక మాటలు. అవి నావి. మొదటి మాటనుంచి చివరి మాట దాకా నావే. ఎందుకంటే తప్పు కూడా నాదే.

ఆసుపత్రిలో నీ దగ్గరనుంచి అక్క వరండాలోకి వచ్చి నా భుజం మీద పడి, నువ్వన్న మాట చెప్పింది. ఏ తల్లయినా చెప్పుకుంటుంది ఎవరో ఒకరికి. మూడు నెలల తర్వాత సెట్లో ఒక సీను కుదరడం లేదు. రచయిత పెన్నుతో పళ్లు కొట్టుకుంటూ "ఒక్క మాట కావాలి, గుండెలో దిగేది" అంటున్నాడు. నేను అందించాను. నోరు జారి కాదు. జీవితమంతా ఇంకొకళ్లు రాసిన మాటలే మోశాను, నాది అంటూ ఒక్కటి లేదు. ఆ మాట అంత బాగుంది. నా ద్వారా వెళ్తే నాదవుతుందనుకున్నాను. అది నీ బిడ్డ మాట అని ఆ క్షణాన తట్టలేదంటే అబద్ధం. తట్టింది. అయినా ఇచ్చాను.

మర్నాడు పొద్దున పేజీలో ఆ మాట చూసి అక్క మేకప్ గదిలో గడియ పెట్టుకుంది. రెండు గంటలు బయటికి రాలేదు. యూనిట్ మొత్తం కూర్చుని ఉంది. తర్వాత వచ్చి, ఆ పిల్ల ఆ మాట అంటుంటే ఎదురుగా నిలబడి విని, ఒక్క టేకులో సీను చేసింది. ఆ సీనే అందరూ గొప్పదంటారు, సభలో కూడా అదే వేస్తారట. ఆమె ఆపగలిగేది. కోడలి చెంపదెబ్బను ఆపిన మనిషి దీన్ని ఆపలేదు. ఎందుకు ఆపలేదో నేను అడగలేదు, అడిగే ముఖం నాకెక్కడిది! నువ్వు ఫోన్ చేసి అడిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. "చెప్పాను" అని పెట్టేసి, నా వైపు చూసి "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందే" అంది. అంతే. ఆరేళ్లలో మళ్లీ ఎత్తలేదు. నన్ను పనిలోంచి తీయలేదు, ఇంట్లోంచి పంపలేదు. ఇంతకంటే నన్ను కొట్టినా బాగుండేది.

ఆమె మనసు జారిపోతున్నప్పుడు నాకు భయం పట్టుకుంది. ఈ నింద ఆమె మీదే ఉండగా ఆమె వెళ్లిపోతుంది. నీకు క్షమాపణ చెప్పాల్సింది నేను. చెప్పే ధైర్యం లేక, నాది ఆమె నోటితో చెప్పించాను. "నీ దుఃఖం మీద నాకే హక్కూ లేదు" అన్నది నేను. నువ్వు ఏడాదిగా విన్నది నన్నే.

ఒకటి మిగిలింది. ఈ కవరులో చిన్న పెన్‌డ్రైవ్ పెట్టాను. వీడియో అయిపోయిందని నేను పక్క గదిలోంచి లేచి వచ్చాను. కెమెరా ఆపడం మరిచిపోయాను. ఇంకో నలభై సెకన్లు తిరిగింది. అది కోసేసి నీకు పంపాను, అందులో ఆమె జబ్బు బయటపడుతుందని. అది చూడు. మొదట్లోనే ఆమె బఠాణీ తీసి బల్ల మీద పెట్టడం కనబడుతుంది. ఆ తర్వాత ఆమె అన్న దాంట్లో నా మాట ఒక్కటి కూడా లేదు.

నెలాఖరుకు ఈ ఇల్లు ఖాళీ చేస్తాను. తాళంచెవి ఎదురింటి దర్జీ దగ్గర ఉంటుంది. సభకు రాను. నువ్వు మైకు ముందు ఏది చదివినా నేను కాదనను.

గుసగుస

*

వినికిడి పరీక్షల గది,
మధ్యాహ్నం, భోజనాల వేళ.

సభ అయిపోయింది. హాలు నిండిపోయి జనం మెట్ల మీద కూడా కూర్చున్నారు. ఒకావిడ తన చేతి సంచీలోంచి అమ్మ బొమ్మ తీసి నాకు చూపించింది, పత్రికలోంచి కత్తిరించింది, అంచులు నలిగిపోయి ఉంది. తన కూతురి ఫోటో పక్కనే పెట్టుకుందట. ఆ సీను వేశారు. నేను తల దించుకోకుండా చూశాను. మొదటిసారి చూసినప్పుడు నా కళ్లు ఆ అమ్మాయి మీదే ఉన్నాయి. ఈసారి అమ్మను చూశాను. ఆ సీనులో ఆమెకు ఒక్క డైలాగూ లేదు. ఎవరూ ఏమీ అందించడం లేదు. అయినా తల పక్కకు వాల్చి, ఊపిరి ఆపి, వింటోంది. ఆసుపత్రిలో నేను గోడవైపు తిరిగి ఉన్నాను కదా, అక్కడ ఆమె ముఖం నేను చూడలేదు. ఇలాగే ఉండి ఉంటుంది. ఎందుకు ఆపలేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సంగతిలో ఆమెను కూడా నేను వదిలిపెట్టలేదు.

నా వంతు వచ్చింది. నీ ఉత్తరాలు సంచీలో ఉన్నాయి. తీయలేదు. వీడియో ఇవ్వలేదు. మీరందరూ మెచ్చుకునే మా అమ్మ మౌనం మౌనం కాదు, ఆమె వింటోంది అన్నాను. పక్కన ఒక మనిషి నిలబడి రోజుకు పద్నాలుగు గంటలు మాటలు అందిస్తే ఆమె విని పలికేదని చెప్పాను. చివరి రెండేళ్లు జ్ఞాపకం లేకుండా, ఆ మాటలు పట్టుకునే మీ ఇళ్లలోకి వచ్చిందని కూడా చెప్పాను. వెనక ఎవరో ఏడ్చారు. ఛానల్ పెద్దాయన ముఖం మాడిపోయింది. పది నిమిషాలన్నారు, మూడు నిమిషాల్లో దిగిపోయాను. ఆ మనిషి ఎవరో చెప్పలేదు. ఆ మనిషి చేసిన తప్పు కూడా చెప్పలేదు. అది నాకూ ఆ మనిషికీ మధ్యది.

ఆ నలభై సెకన్లు ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో. అమ్మ బఠాణీ తీసి బల్ల మీద పెడుతుంది. జుట్టు చెవి వెనక్కి దోపుకుంటుంది. "అయిందా? ఎవరికే ఇదంతా?" అంటుంది. నీ గొంతు "మీ అమ్మాయికి" అంటుంది. "పేచీకా? దానికింత డైలాగా! సగంలోనే లేచిపోతుంది" అని నవ్వుతుంది. నువ్వు కెమెరా దగ్గరికి వస్తుంటే నీ వెనక వీధి తలుపు వైపు చూసి అంటుంది. "గడియ పెట్టకే. అది తలుపు కొట్టే రకం కాదు. వేసి ఉంటే అటునుంచటే పోతుంది."

ఆ మాటల ముందు ఆమె ఆగలేదు. తల వాల్చలేదు. నేను శబ్దం తీసేసి కూడా చూశాను.

నేనెవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. నాలుగేళ్ల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం నేను మీ ఇంటికి వచ్చాను. లోపల టీవీ మోగుతోంది. తలుపు వేసి ఉంది. చెయ్యెత్తాను, కొట్టలేకపోయాను. మెట్ల మీద కాసేపు నిలబడి, బస్సెక్కి వచ్చేశాను. అమ్మ ఆ రోజు కిటికీలోంచి చూసిందా? చూసి తలుపు తీయలేదా, తీసేలోపు నేను వెళ్లిపోయానా? లేక కన్నతల్లి గనక చూడకపోయినా నా గుణం తెలుసా? ఎవరినీ అడగడానికి లేదు. సభ అయ్యాక కూడా మీ వీధి మలుపు దాకా వచ్చాను పిన్నీ. మళ్లీ వెనక్కి తిరిగాను.

ఇల్లు ఖాళీ చేయకు. తాళంచెవి దర్జీకి ఇవ్వకు. క్షమించానని రాయడానికి రెండుసార్లు కూర్చున్నాను, ఆ మాట రాలేదు. నువ్వు అందించకు. ఎప్పుడొస్తానో చెప్పను. వచ్చినా సగంలోనే లేచిపోతానేమో.

గడియ మాత్రం పెట్టకు.

పేచీ